పాత మీటరు పోయె, కొత్త మీటరు వచ్చె

కరెంటుకు మీటరు ఉంటుంది. ఆటోకు మీటరు ఉంటుంది. నీళ్లకు కూడా మీటరు ఉంటుంది. కరెంటు మీటరు గోడ మీద ఉంటుంది కాబట్టి అందరికీ కనపడుతుంది. నీళ్ల మీటరు అట్లా కనపడదు. గేటు పక్కన, మోరీ దగ్గర, చిన్న గుంతలో ఉంటుంది. దాని మీద మట్టి పడుతుంది. అద్దం మసక బారుతుంది. బిల్లు వచ్చినప్పుడే అది గుర్తుకొస్తుంది.

మీటరు మీద ఉండేవి అంకెలే. అంకెలు నేర్చుకున్న ప్రతి అక్కా, ప్రతి చెల్లె మీటరు చదవగలదు. పాత మీటరు తీసి కొత్తది పెట్టే రోజున ఈ చదువు చాలా పనికొస్తుంది. ఆ రోజు రెండు అంకెలు రాసి పెట్టుకోవాలి. రాసుకోకపోతే తర్వాత ఆఫీసు చుట్టూ తిరగవలసి వస్తుంది. ఆ రెండు అంకెలు ఏవి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

నల్లా వెనక ఎంత పని ఉంది?

వెనకట చేదబావి నుంచి నీళ్లు చేదుకునేవాళ్లు. నీళ్ల బరువు చేతులకు తెలిసేది. ఒక లీటరు నీళ్లు ఒక కిలో బరువు ఉంటాయి. 15 లీటర్ల బిందె నెత్తికి ఎత్తుకుంటే 15 కిలోలు మోసినట్లే. రోజుకు పది బిందెలు మోస్తే 150 కిలోలు. ఈ బరువు ఎక్కువగా ఆడవాళ్లే మోశారు. ఇప్పటికీ కొన్ని చోట్ల మోస్తూనే ఉన్నారు.

నల్లా వచ్చిన తర్వాత ఆ బరువు నెత్తి మీది నుంచి దిగింది. కానీ ఆ బరువును ఇంకెవరో మోస్తున్నారు. మోటార్లు, పైపులు, పనివాళ్లు మోస్తున్నారు.

కరీంనగర్ పట్టణం సంగతి చూడండి. పట్టణం పక్కనే మానేరు ఉంది. అది పోయి గోదావరిలో కలుస్తుంది. మానేరు మీద దిగువ మానేరు డ్యాం కట్టారు. అందరూ దాన్ని ఎల్.ఎం.డి. అంటారు. 1974లో పని మొదలైంది. 1985లో పూర్తయింది. వాన నీళ్లే కాక, పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ ద్వారా కూడా ఈ డ్యాంకు నీళ్లు వస్తాయి. ఆ కాలువ దారి సుమారు 146 కిలోమీటర్లు.

డ్యాం నీళ్లు అట్లాగే తాగటానికి పనికిరావు. ఫిల్టర్ బెడ్డుకు తెస్తారు. పటిక వేసి మురికిని అడుగుకు దింపుతారు. ఇసుక పొరల్లో వడపోస్తారు. క్రిములు చావటానికి క్లోరిన్ కలుపుతారు. మోటార్లతో ఎత్తు ట్యాంకుకు ఎక్కిస్తారు. అక్కడి నుంచి పైపుల్లో ఇంటికి వస్తాయి. దీనికి కరెంటు కావాలి. మందులు కావాలి. మనుషులు కావాలి. అందుకే నీళ్లకు లెక్క అవసరం.

కిలోలీటరు అంటే ఎంత?

కిలో అంటే వెయ్యి. కిలోమీటరు అంటే వెయ్యి మీటర్లు. కిలోలీటరు అంటే వెయ్యి లీటర్లు.

20 లీటర్ల నీళ్ల క్యాన్లు 50 పోస్తే ఒక కిలోలీటరు. 200 లీటర్ల డ్రమ్ములు 5 నింపితే ఒక కిలోలీటరు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు ఉన్న హౌజులో పట్టే నీళ్లు కూడా ఒక కిలోలీటరే. దీన్నే ఘనపు మీటరు అంటారు.

మనిషికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి? తెలంగాణలో మిషన్ భగీరథ పథకం 2016లో మొదలైంది. అందులో ఒక లెక్క పెట్టుకున్నారు. ఊళ్లల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు. మున్సిపాలిటీల్లో 135 లీటర్లు. కార్పొరేషన్లలో 150 లీటర్లు.

మున్సిపాలిటీలో ఐదుగురు ఉన్న ఇల్లు అనుకోండి.
ఒక రోజుకు: 135 × 5 = 675 లీటర్లు.
30 రోజులకు: 675 × 30 = 20,250 లీటర్లు.
అంటే నెలకు దాదాపు 20 కిలోలీటర్లు. ఈ అంకెను గుర్తు పెట్టుకోండి. ముందు ముందు మళ్లీ వస్తుంది.

మీటరు లోపల ఏముంది?

మీటరు లోపల రెక్కలున్న ఒక చిన్న చక్రం ఉంటుంది. నీళ్లు వచ్చి రెక్కలను నెడతాయి. చక్రం తిరుగుతుంది. ఎక్కువ నీళ్లు పోతే ఎక్కువ సార్లు తిరుగుతుంది. ఆ చక్రం పైనున్న పళ్ల చక్రాలను తిప్పుతుంది. పళ్ల చక్రాలు అంకెలను తిప్పుతాయి.

మీటరు ఒంటి మీద ఒక బాణం గుర్తు ఉంటుంది. నీళ్లు ఏ వైపు పోవాలో అది చూపుతుంది. బాణం ఇంటి వైపు ఉండాలి. మామూలు ఇంటి మీటరును చాలా వరకు అడ్డంగా, అంకెలు పైకి కనపడేటట్లు బిగిస్తారు. వంకరగా పెడితే కొన్ని మీటర్లు సరిగ్గా తిరగవు. మీటరుకు నీళ్లు వచ్చే మూతి దగ్గర సన్న జల్లెడ ఉంటుంది. అది ఇసుకను, రాళ్లను ఆపుతుంది.

మీటరు చదువుదాం

మీటరు ముఖం మీద నల్ల అంకెలు వరుసగా ఉంటాయి. అవి కిలోలీటర్లు. ఎర్ర అంకెలు లేదా చిన్న ఎర్ర ముళ్లు ఉంటాయి. అవి కిలోలీటరు కంటే తక్కువ నీళ్లను చూపుతాయి. బిల్లుకు నల్ల అంకెలు చాలు.

ఒక మీటరు మీద నల్ల అంకెలు ఇట్లా ఉన్నాయి: 0 1 2 4 9. ముందున్న సున్నాను వదిలేయండి. 1249 అని చదవండి. మీటరు పెట్టిన నాటి నుంచి ఇప్పటి వరకు 1249 కిలోలీటర్లు పోయాయని అర్థం.

మీటరు సున్నాకు వెనక్కి రాదు. ముందుకే పోతుంది. అందుకే ఈ నెల అంకెలో నుంచి పోయిన నెల అంకెను తీసేయాలి.

ఈ నెల అంకె: 1249
పోయిన నెల అంకె: 1234
వాడిన నీళ్లు: 1249 – 1234 = 15 కిలోలీటర్లు.

ధర ఊరికొక తీరుగా ఉంటుంది. లెక్క కోసం కిలోలీటరుకు 10 రూపాయలు అనుకుందాం. 15 × 10 = 150 రూపాయలు. బిల్లు మీద పాత రీడింగు, కొత్త రీడింగు రెండూ ఉంటాయి. ఆ రెండింటినీ చూసుకున్న తర్వాతే డబ్బు కట్టండి.

మీటరుకు ముసలితనం

మనిషికి మోకాళ్లు అరిగినట్లే మీటరుకు చక్రం అరుగుతుంది. ఏళ్ల తరబడి ఇసుక, తుప్పు, మట్టి లోపలికి పోతాయి. చక్రం బరువుగా తిరుగుతుంది. నల్లా సన్నగా వచ్చినప్పుడు అసలు తిరగదు. 100 లీటర్లు పోతే 80 లీటర్లే పోయినట్లు చూపుతుంది. కొన్ని మీటర్లు పూర్తిగా ఆగిపోతాయి. కొన్నింటి అద్దం లోపల చెమ్మ చేరి అంకె కనపడదు.

మీటరు ఆగిపోతే సంతోషమే కదా అని కొందరు అనుకుంటారు. అది సరికాదు. మీటరు ఆగిపోతే ఆఫీసు వాళ్లు సగటు బిల్లు వేస్తారు. అంటే పాత వాడకాన్ని బట్టి ఇంత అని అంచనా వేస్తారు. బిడ్డకు పెండ్లి చేసి అత్తగారింటికి పంపారు. కొడుకు బొంబాయికో దుబాయికో పోయాడు. ఇంట్లో ఇద్దరే మిగిలారు. అయినా ఐదుగురి బిల్లే వస్తుంది. ఎంత పొదుపుగా వాడినా బిల్లు తగ్గదు.

ఊరికి కూడా నష్టమే. ట్యాంకు దగ్గర ఒక పెద్ద మీటరు ఉందనుకోండి. అది నెలకు 1000 కిలోలీటర్లు వదిలినట్లు చూపింది. ఇళ్ల మీటర్లన్నీ కలిపితే 700 వచ్చింది. మిగతా 300 ఎటు పోయాయి? పగిలిన పైపుల్లో పోయాయా? దొంగ నల్లాలకు పోయాయా? లేక ముసలి మీటర్లు తక్కువ చూపాయా? మీటర్లు సరిగ్గా లేకపోతే ఈ సంగతి తేలదు. పైపు ఎక్కడ పగిలిందో తెలియదు. ఆ బాధ చివరి గల్లీ ఆడవాళ్లకు తగులుతుంది. వాళ్ల నల్లాలో నీళ్లు రావు. బిందె పట్టుకుని వాళ్లే తిరగాలి.

అందుకే ముసలి మీటర్లు మార్చాలి.

మీటరు మార్చిన రోజు

ఒక పట్టణం. ఒక గల్లీ. పొద్దున్నే మున్సిపాలిటీ మనిషి కొత్త మీటర్ల పెట్టెతో వచ్చాడు. ఆ ఇంట్లో అత్త, కోడలు ఉన్నారు. కోడలు అక్షర కేంద్రంలో చదువు నేర్చుకుంది. పానా తీసి మీటరు విప్పబోతున్న మనిషిని ఆమె ఆపింది.

"అన్నా, జర ఆగు. పాత మీటరు తియ్యకముందు అంకె రాసుకుంట."

"నేను రాసుకుంట గదమ్మా."

"నువ్వు రాసుకో. నేను గూడ రాసుకుంట. రెండు కాడ ఉంటె మంచిదే గద."

అత్తకు ఇది నచ్చలేదు.

"ఏంది బిడ్డా, ఆయన పని ఆయన్ను చేసుకోనియ్యి. ఇనుప ముక్కకు గింత పంచాయితీ ఎందుకు?"

"ఇనుప ముక్క కాదత్తమ్మా. ఇది ఖాతా పుస్తకం. కిరాణ దుకాణంల ఖాతా పుస్తకం నిండితె కొత్తది పెడ్తరు గద. పాత పుస్తకంల ఎంత ఉన్నదో ఎవ్వలూ చూడలేదనుకో. ఏమైతది?"

"ఏమైతది! శేటు చెప్పిందే లెక్కయితది."

"గదే చెప్తున్న అత్తమ్మా."

అత్త ఇంకేమీ అనలేదు. లోపలికి పోయి తడిగుడ్డ తెచ్చింది. పాత మీటరు అద్దం మీది మట్టి తుడిచింది. అంకె కనపడింది. 1256.

కోడలు నోటుపుస్తకంలో రాసింది. కొత్త మీటరు బిగించిన తర్వాత దాని అంకె చూసింది. సున్నా ఉంది. అది కూడా రాసింది. కొత్త మీటరు ఒంటి మీద ఒక నంబరు చెక్కి ఉంది. ఆ నంబరు రాసింది. తేదీ వేసింది.

"అన్నా, ఇక్కడ ఒక సంతకం పెట్టు."

"అందరి ఇండ్లల్ల గిట్ల అడుగరమ్మా."

"ఇగ అడుగుతరన్నా. పక్కింటి వదినెకు గూడ చెప్తున్న."

ఆయన నవ్వి సంతకం పెట్టాడు.

ఆ రోజు రాసుకోవలసిన రెండు అంకెలు ఇవే. ఒకటి, పాత మీటరు ఆఖరి అంకె. రెండు, కొత్త మీటరు మొదటి అంకె. కొత్త మీటరు అన్నిసార్లూ సున్నా దగ్గరే ఉండదు. పరీక్ష చేసినప్పుడు కొంచెం తిరిగి ఉండవచ్చు. అందుకే చూసి రాయాలి.

ఆ నెల బిల్లు లెక్క ఇట్లా ఉండాలి.

పాత మీటరు: ఆఖరి అంకె 1256. పోయిన బిల్లులో అంకె 1249.
1256 – 1249 = 7 కిలోలీటర్లు.
కొత్త మీటరు: బిల్లు రోజు అంకె 9. మొదటి అంకె 0.
9 – 0 = 9 కిలోలీటర్లు.
మొత్తం: 7 + 9 = 16 కిలోలీటర్లు.

పాత మీటరు ఆఖరి అంకె ఎవరి దగ్గరా లేకపోతే ఆ 7 ఎట్లా తేలుతుంది? పాత మీటరు అప్పటికే ఎక్కడికో పోయి ఉంటుంది. 7 బదులు 27 అని రాసినా కాదనటానికి ఇంటివాళ్ల దగ్గర రుజువు ఉండదు. నోటుపుస్తకంలో ఒక్క గీత రాసి ఉంటే అదే రుజువు. ఫోన్ ఉంటే రెండు మీటర్లకూ ఫొటో తీసి పెట్టుకోవచ్చు.

కొత్త మీటరు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా చూడండి. ఇంటి నీళ్ల మీటర్లకు దేశమంతటా ఒక ప్రమాణం ఉంది. దాని నంబరు 779. ఆ గుర్తు, ఆ నంబరు ఉంటే మీటరును పరీక్షించి పంపినట్లు అర్థం.

"కొత్త మీటరు గుర్రంలెక్క ఉరుకుతున్నది!"

కొత్త మీటరు వచ్చిన నెల గల్లీలో ఈ మాట వినపడుతుంది. "మొన్నటిదాక 12 వచ్చేది. ఇప్పుడు 17 వచ్చింది. మీటరు ఖరాబున్నది" అంటారు. ఖరాబు కావచ్చు. కాకపోవచ్చు. కోపానికి ముందు కారణం వెతకాలి. కారణాలు నాలుగు ఉంటాయి.

మొదటిది: పాత మీటరు తక్కువ చూపింది. వాడకం మారలేదు. లెక్క మాత్రమే సరైంది. అరిగిన తూకపురాయి పోయి సరైన రాయి వచ్చినట్లు.

రెండోది: ఇంట్లో ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. పాత మీటరుకు అంత సన్న ధార తెలియలేదు. కొత్త మీటరుకు తెలుస్తున్నది.

మూడోది: గాలి. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే చోట పైపు ఖాళీ అవుతుంది. అందులో గాలి నిండుతుంది. నీళ్లు వదిలినప్పుడు ముందు ఆ గాలి బయటికి తోసుకొస్తుంది. నల్లాలో బుస్సుమని చప్పుడు వస్తుంది కదా, అదే. ఆ గాలికి కూడా మీటరు తిరుగుతుంది. నీళ్లు రాకుండానే లెక్క పడుతుంది. అందుకే నీళ్లు రాకముందు నల్లా తిప్పి ఉంచొద్దు. గల్లీలో నీళ్లు వచ్చాయని తెలిసిన తర్వాత తిప్పండి.

నాలుగోది: మీటరే తప్పు. లేదా తప్పుగా బిగించారు. ఇది తేల్చటానికి పరీక్ష ఉంది.

ఇంట్లో చేసే రెండు పరీక్షలు

క్యాన్ల పరీక్ష: ఒక 20 లీటర్ల క్యాన్ తీసుకోండి. ఇంట్లో మిగతా నల్లాలన్నీ కట్టేయండి. మీటరులో నల్ల అంకెలు, ఎర్ర అంకెలు రెండూ రాసుకోండి. నల్లాను బాగా తిప్పి క్యాన్‌ను ఐదుసార్లు నింపండి. నింపిన నీళ్లు పారబోయకండి. గోళెంలో పోసుకోండి. ఇప్పుడు మీటరు చూడండి. 100 లీటర్లు పెరగాలి. రెండు మూడు లీటర్లు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. 120 పెరిగితే మీటరు ఎక్కువ చూపుతున్నది. 80 పెరిగితే తక్కువ చూపుతున్నది. రెండుసార్లు చేసి చూడండి. రెండుసార్లూ తేడా వస్తే ఆఫీసుకు కాగితం రాయండి.

రాత్రి పరీక్ష: ఇది నీళ్లు ఎప్పుడూ ఉండే నల్లాకు పనికొస్తుంది. పడుకునే ముందు నల్లాలన్నీ కట్టేయండి. ట్యాంకు నిండి ఉండాలి. మీటరు అంకె రాసుకోండి. పొద్దున లేచి, నల్లా ముట్టకముందే మళ్లీ చూడండి. అంకె మారిందంటే ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. కొన్ని మీటర్లలో నక్షత్రం లాంటి చిన్న చక్రం ఉంటుంది. నల్లాలన్నీ కట్టినా అది మెల్లగా తిరుగుతుంటే కూడా కారుతున్నట్లే.

చిన్న ధార అని వదిలేయొద్దు. కారే నల్లా కింద లీటరు చెంబు పెట్టండి. చెంబు నిండటానికి గంట పట్టిందనుకోండి.
రోజుకు: 24 లీటర్లు.
నెలకు: 24 × 30 = 720 లీటర్లు.
36 నీళ్ల క్యాన్లు మోరీ పాలైనట్లు. ఒక వాషరు మారిస్తే అది ఆగిపోతుంది.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

హైదరాబాద్‌లో 2020 డిసెంబరు నుంచి ఒక పథకం అమలు చేశారు. ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు నీళ్లు ఉచితం. 2021 జనవరి 12న దాన్ని ప్రారంభించారు. 20,000 లీటర్లంటే 20 కిలోలీటర్లు. పైన లెక్క చేసిన ఐదుగురి ఇంటికి దాదాపు సరిపోయే నీళ్లు.

కానీ ఒక షరతు పెట్టారు. నల్లాకు పని చేసే మీటరు ఉండాలి. ఎందుకు? 20 కిలోలీటర్లు దాటారా లేదా అని తెలియాలంటే కొలవాలి కదా. మీటరు లేని ఇళ్లు, మీటరు చెడిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లు కొత్త మీటర్లు పెట్టించుకోవలసి వచ్చింది. గడువును 2021లో పలుమార్లు పెంచారు. బస్తీల్లోని ఇళ్లకు మాత్రం మీటరు తప్పనిసరి చేయలేదు.

దీన్నిబట్టి ఏం తెలుస్తున్నది? మీటరు బిల్లు వేయటానికే కాదు. ఉచితంగా రావలసిన నీళ్లు వచ్చాయని చూపటానికి కూడా మీటరే సాక్ష్యం. చెడిపోయిన మీటరు ఇంట్లో ఉంటే హక్కు కూడా చేజారుతుంది.

కరీంనగర్‌లో 2025 జనవరిలో హౌసింగ్ బోర్డు కాలనీ వైపు 24 గంటలూ నీళ్లిచ్చే పథకం మొదలైంది. నీళ్లు ఎప్పుడూ వచ్చే చోట పైపులో గాలి చేరదు. బిందెల్లో, డ్రమ్ముల్లో నింపి పెట్టుకునే పని తగ్గుతుంది. కానీ మరిచిపోయి నల్లా వదిలేస్తే రాత్రంతా పోతూనే ఉంటుంది. అట్లాంటి చోట మీటరు ఇంకా ముఖ్యం.

మీటరు అందరికీ న్యాయమేనా?

ఈ మాట మీద మహిళా సంఘాల్లో చర్చ జరగాలి. రెండు వైపులా నిజం ఉంది.

మీటరు లేకపోతే అందరికీ నెలకు ఒకటే బిల్లు. ఒక ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు ఆరు బిందెలతో రోజు వెళ్లదీస్తారు. ఇంకో ఇంట్లో కారు కడుగుతారు. గచ్చు మీద పైపు పెట్టి కొడతారు. ఇద్దరూ ఒకటే కడతారు. ఇది న్యాయం కాదు. మీటరు ఉంటే వాడినవాళ్లు వాడినంత కడతారు.

కానీ ఒక ఇంటి వెనక నాలుగు కిరాయి కుటుంబాలు ఉంటాయి. అందరికీ నల్లా ఒక్కటే. మీటరు ఒక్కటే. హైదరాబాద్ లాంటి చోట్ల వాడకం పెరిగే కొద్దీ కిలోలీటరు ధర కూడా పెరుగుతుంది. నాలుగు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే ఎక్కువ ధర పడుతుంది. ఒక్కొక్కరు తక్కువే వాడినా ఎక్కువే కట్టాలి. ఇల్లుగల్ల ఆమె కిరాయి వాళ్లను అంటుంది. కిరాయి వాళ్లు ఒకరినొకరు అనుకుంటారు. ఇట్లాంటి ఇళ్లకు వేరు లెక్క కావాలని అడగవచ్చు. నల్లాను ఎందరు వాడుతున్నారో కాగితం మీద రాసి ఆఫీసులో ఇవ్వాలి. ఒక్కరు పోతే ఒక మాట. గల్లీ ఆడవాళ్లందరూ కలిసి పోతే పది మాటలు.

అడిగితే జవాబు చెప్పటం లేదా? సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. మీటర్లు ఎన్ని కొన్నారు, ఒక్కదాని ధర ఎంత, కిలోలీటరుకు ఎంత తీసుకుంటున్నారు అని కాగితం మీద రాసి అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పూరీలో మీటరు చదివే ఆడవాళ్లు

ఒడిశాలో పూరీ పట్టణం ఉంది. జగన్నాథుని గుడి ఉన్న ఊరు. అక్కడ 2021 జూలై 26న నల్లా నీళ్లను నేరుగా తాగే పథకం ప్రారంభించారు. 24 గంటలూ నీళ్లు వస్తాయి. ఇళ్లకు మీటర్లు పెట్టారు.

ఒడిశా పట్టణాల్లో మీటర్లు చదివే పని మహిళా సంఘాల సభ్యులకు ఇచ్చారు. వాళ్లను జల్‌సాథీ అంటారు. సాథీ అంటే తోడు. నీళ్లకు తోడుగా ఉండే మనిషి అన్నమాట. వాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు. మీటరు అంకె చూస్తారు. బిల్లు ఇస్తారు. డబ్బు వసూలు చేస్తారు. నీళ్లు మంచిగా ఉన్నాయా అని పరీక్ష కూడా చేస్తారు. దానికి వాళ్లకు ప్రతిఫలం ఉంటుంది.

తెలంగాణలో ప్రతి ఊళ్లో, ప్రతి గల్లీలో పొదుపు సంఘాలు ఉన్నాయి. లెక్కలు రాసే అక్కలు ఉన్నారు. సంఘం పుస్తకం రాసే చేతికి మీటరు చదవటం కష్టమేమీ కాదు.

గుర్తు పెట్టుకోండి

1. ప్రతి నెలా ఒకే తేదీన మీటరు అంకె రాసి పెట్టుకోవాలి.
2. మీటరు మార్చిన రోజు పాత మీటరు ఆఖరి అంకె, కొత్త మీటరు మొదటి అంకె, కొత్త మీటరు నంబరు, తేదీ రాసుకోవాలి. సంతకం తీసుకోవాలి.
3. మీటరుకు డబ్బు కట్టమంటే రశీదు అడగాలి.
4. నీళ్లు రాకముందు నల్లా తిప్పి ఉంచొద్దు.
5. నల్లాకు నేరుగా మోటారు బిగించొద్దు. చివరి ఇంటికి నీళ్లు అందవు. పగిలిన పైపులోకి మోరీ నీళ్లు కూడా గుంజుకొస్తాయి.
6. మీటరు పెట్టెకు మూత ఉండాలి. అద్దం శుభ్రంగా ఉండాలి.

కొత్త మాటలు

కిలోలీటరు – వెయ్యి లీటర్లు
రీడింగు – మీటరు చూపే అంకె
సగటు బిల్లు – అంచనా మీద వేసే బిల్లు
రశీదు – డబ్బు కట్టినట్లు ఇచ్చే కాగితం

లెక్క చేయండి

1. పోయిన నెల అంకె 318. ఈ నెల అంకె 334. ఎన్ని కిలోలీటర్లు వాడారు? ఎన్ని లీటర్లు?
2. పోయిన బిల్లులో అంకె 905. మీటరు మార్చిన రోజు పాత మీటరు 911 చూపింది. కొత్త మీటరు మొదటి అంకె 2. బిల్లు రోజు కొత్త మీటరు 10 చూపింది. మొత్తం ఎన్ని కిలోలీటర్లు?
3. మున్సిపాలిటీలో నలుగురు ఉన్న ఇంటికి 30 రోజులకు ఎన్ని లీటర్లు కావాలి? మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన చేయండి.

జవాబులు: 1) 16 కిలోలీటర్లు, 16,000 లీటర్లు. 2) 6 + 8 = 14 కిలోలీటర్లు. 3) 16,200 లీటర్లు.

మాట్లాడుకోండి

మీ గల్లీలో నల్లాలకు మీటర్లు ఉన్నాయా? ఎన్ని తిరుగుతున్నాయి? ఎన్ని ఆగిపోయాయి? చివరి ఇంటికి నీళ్లు అందుతున్నాయా? అందరూ కలిసి చూసి, ఒక కాగితం మీద రాయండి. వచ్చే సంఘం మీటింగులో చదవండి.